పెట్టె నిండా ఒకే పాట

గొయ్యికి ఎడమ పక్క గోడ పావు అంగుళం వాలింది. కంటికి తెలిసే వాలు కాదు. లెవెల్ మేస్త్రి రసమట్టం ఆనించి చూశాడు. బుడగ గీత దాటి కూర్చుంది. ఆయన అప్పటిదాకా పేర్చిన మూడు వరసల సిమెంటు ఇటుకల్నీ ఒక్కొక్కటే ఊడదీసి, అంటుకున్న మాలు తాపీతో గీకి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

పైన నిలబడి సిమెంటు కలుపుతున్న కాలీ పార చేతికి ఆనించుకుని చూశాడు. కాలీకి యాభై దాటాయి. పగలు మేస్త్రి దగ్గర మాలు కలుపుతాడు, శనాదివారాలు ఎక్కడ జనం పోగైతే అక్కడ తన సౌండు పెట్టెలు దించుతాడు.

"అన్నా, లోపల పడుకునేవాడికి గోడ వాలితే ఏం, నిక్కితే ఏం?"

"నాకు తెలుస్తుందిరా."

"పడుకునేది నువ్వు కాదుగా."

"నువ్వు నీళ్ళు తక్కువ పొయ్యి. మాలు జావలా ఉంది."

సీడర్ గల్లీ కొండల్లో సమాధి కట్టాలంటే ముందు ఆయనకే కబురు వెళుతుంది. రసమట్టం పెట్టకుండా ఇటుక ముట్టడు కాబట్టి జనం లెవెల్ అని పేరు పెట్టేశారు. ముప్పై ఏళ్ళుగా అదే పేరు. అసలు పేరు పెట్టి పిలిచేది భార్య పెర్లీన్ ఒక్కతే. ఆవిడా పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ పేరు వినాలంటే ఆయన పింఛను కాగితం తీసి తనకు తానే చదువుకోవాలి.

ఈ పని ఒప్పుకోవలసింది కాదని ఆయనకు ఆ బుధవారం పొద్దుటినుంచీ అనిపిస్తూనే ఉంది. మూడీల స్థలంలో సమాధి అంటే ఎవరో ముసలామె అనుకుని పనిముట్లు మోసుకుంటూ వచ్చాడు. గేటుకు కట్టిన నల్లగుడ్డ కింద ఫొటో ఉంది. క్లీవ్‌లాండ్ మూడీ, గాయకుడు. జుట్టు నెరిసింది గానీ ఆ పళ్ళ సందు అలాగే ఉంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనే అనుకున్నాడు. ఈలోగా పోయినవాడి మేనత్త మిస్ అడీనా తెల్ల రమ్ము సీసా తెచ్చి, నేల మీద కాస్త ఒలికించి, గ్లాసు ఆయన చేతిలో పెట్టేసింది. అది పుచ్చుకున్నాక గొయ్యి తవ్వకుండా పోయే మగవాడు ఆ కొండల్లో లేడు. తాగి పార అందుకున్నాడు.

మధ్యాహ్నానికి గోడ మళ్ళీ లేచింది. ఈసారి బుడగ మధ్యలో కూర్చుంది. చచ్చినవాడి మీద ఎంత కోపం ఉన్నా గోడ వంకరగా కట్టడం ఆయనకు చేతకాలేదు. అందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

*

గురువారం పదకొండు గంటలకు కాలీ రేడియోలో ఆ పాట వచ్చింది.

"ఈ వారం మనల్ని విడిచి వెళ్ళిన క్లీవ్‌లాండ్ మూడీ," అంటున్నాడు రేడియోవాడు, "రెగ్గే సంగీతానికి ఇచ్చింది ఒక్క గొప్ప పాట. ఒక్కటి చాలదా? డెబ్భై నాలుగులో వచ్చిన 'రాయి కింది ఊట', వినండి."

కాలీ రేడియో గొంతు పెంచాడు. పక్క వాకిట్లో అరటికాయలు ఒలుస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు. డ్రమ్ము నాలుగు దెబ్బలు కొట్టి ఆగింది. తరువాత గొంతు వచ్చింది.

రాయి కింద ఊట ఉంది, రాజుగారికి తెలీదు,
దప్పికైన వాడి చెవికి దాని చప్పుడాగదు.

మూడో పంక్తికి ముందు ఒక ఊపిరి వినబడుతుంది. పాడేవాడు మైకుకి మరీ దగ్గరగా నిలబడి గట్టిగా పీల్చుకున్న ఊపిరి. ఆ రోజు టేపు నడిపిన అతను అద్దం వెనకనుంచి తిట్టాడు. మళ్ళీ పాడనిమ్మంటే టేపు దండగ అన్నారు. ఊపిరి అలాగే మిగిలిపోయింది.

తవ్వినోళ్ళు తాగలేదు, తాగినోళ్ళు తవ్వలేదు.

గోతిలో ఉన్న మేస్త్రి చేతిలోని ఇటుక అంచుకి మాలు పూశాడు. పూసిన అంచుకే మళ్ళీ పూశాడు. ఎక్కువైనది జారి బూటు మీద పడింది.

"ఏం గొంతన్నా!" అన్నాడు కాలీ. "ఇలా పాడినవాడు రెండో పాట ఎందుకు పాడలేకపోయాడో చూడు."

"ఇటుక అందివ్వు."

రెండో పాట ఎందుకు లేదో మేస్త్రికి తెలుసు. అది పాడింది మూడీ కాదు. ముప్పై రెండేళ్ళ కిందట ఒకే రోజు, ఒకే నిర్మాత తరఫున, రెండు రికార్డులు ఒత్తారు. రెండింటి లేబుళ్ళూ పసుపుపచ్చవే. వేడి అరలో ఆరబెట్టి తీసిన లేబుళ్ళ దొంతరలు ఎవరి చేతిలో తారుమారయ్యాయో ఎవరూ ఒప్పుకోలేదు. ఆల్టమాంట్ రీస్ పాడిన పాట మూడీ పేరుతో దుకాణాలకు వెళ్ళింది. మూడీ పాడినది రీస్ పేరుతో వెళ్ళి మూల పడింది. సోమవారానికల్లా జనం మూడీ పాట కావాలని ఎగబడ్డారు. ఆల్టమాంట్ వెళ్ళి అడిగితే నిర్మాత, "అమ్ముడుపోతున్నదాన్ని కెలకకు, తరువాతి రికార్డుకి సరిచేద్దాం" అన్నాడు. తరువాతి రికార్డు లేదు. పేరు మునిగిన వాడికి పాట ఎవరిస్తారు? మూడీ మాత్రం తెల్ల సూటు వేసుకుని ఆ పాట మేడల మీదా మైదానాల్లోనూ పాడాడు. జనం వెనక నిలబడి ఆల్టమాంట్ ఒక్కసారి విన్నాడు. ఆ వారమే పెర్లీన్‌తో ఆమె ఊరికి వచ్చి తాపీ పట్టుకున్నాడు. నిర్మాతా మూడీ ఇద్దరూ కలిసి దొంగిలించారన్నదే అప్పటినుంచీ ఆయన మాట. ఎవరితోనూ అనలేదు గానీ లోపల అదే మాట.

తరువాత ఒక్కసారి మోరంట్ బే బజారులో మూడీ కనిపించాడు. "రీస్! ఒరేయ్ రీస్, ఆగరా!" అని వీధి అవతలినుంచి కేకేశాడు. ఆయన మేకుల పొట్లం చంకన పెట్టుకుని బస్సెక్కేశాడు.

పాట అయిపోయింది. మధ్యాహ్నం మూడీ కూతురు ఇవాడ్నీ గోతి అంచుకి వచ్చి కూర్చుంది. ముప్పై అయిదేళ్ళ మనిషి, స్పానిష్ టౌన్‌లో నర్సు. ఏడవడానికి తీరిక లేనట్టు అన్ని పనులూ తనే చూసుకుంటోంది. చేతిలో కాగితం ఉంది.

"మేస్త్రిగారూ, తలరాయి మీద అక్షరాలు కూడా మీరే చెక్కుతారట కదా. ఇదిగో."

కాగితం మీద మూడు పంక్తులు. పేరు. పుట్టిన, పోయిన ఏళ్ళు. మూడోది, 'రాయి కింది ఊట పాడినవాడు'.

ఆయన చాలాసేపు చూశాడు.

"మూడో పంక్తికి చోటు చాలదమ్మా."

"చిన్న అక్షరాలు రాయండి."

"చిన్నవి వానకు నిలవవు. రెండేళ్ళలో చెరిగిపోతాయి."

"అయితే సిమెంటు రాయి పెద్దది పొయ్యండి," అంది ఆమె. "ఇల్లు లేదు, కారు లేదు. నాన్నకి మిగిలింది ఆ పాటొక్కటే. అది లేకుండా ఆయన్ని పూడ్చనండీ."

ఆయన కాగితం మడిచి టోపీలో పెట్టుకున్నాడు. తలరాయి అచ్చుకి చెక్కలు పెద్దవి కోశాడు. కోస్తున్నంతసేపూ అక్షరాలకు ఇంకెవరినైనా చూసుకోమని చెప్పేద్దామనుకున్నాడు. తన పాటను తన చేత్తోనే వాడి నెత్తిన చెక్కడమంటే ఇక ఆ మాటకు తిరుగు లేదు. సిమెంటు మీద రాసింది మనుషుల కంటే ఎక్కువ కాలం ఉంటుందని ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

*

శుక్రవారం ఆయన అక్షరాలు తనవల్ల కాదని చెప్పడానికే పెందలాడే వచ్చాడు. ఇవాడ్నీ వరండాలో ఒక చెక్కపెట్టె ముందు కూర్చుని ఉంది. పక్కన మిస్ అడీనా కాల్చిన సీమపనస చెక్కు తీస్తోంది.

"రండి మేస్త్రిగారూ. మీరు ఈ కొండలన్నీ తిరుగుతారు కదా. రీస్ అనే ఆయన ఎవరైనా తెలుసా?"

ఆయన మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఈ కొండల్లో రీస్‌లు లేరే అంటే వినదు," అంది మిస్ అడీనా. "క్లీవ్ వచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న. ఇక్కడే ఎక్కడో ఉంటాడత్తా, మోరంట్ బేలో బస్సెక్కుతుంటే చూశాను అనేవాడు. చర్చి దగ్గరా అడిగాడు, రమ్ము దుకాణంలోనూ అడిగాడు. లేనివాణ్ణి నేనెక్కడ పుట్టించను?"

"ఎందుకట?" అన్నాడు మేస్త్రి.

"ఈ పెట్టె ఆయనదండీ," అంది ఇవాడ్నీ. "పోయేముందు రోజు నాన్న, 'పెట్టె రీస్‌కి ఇచ్చెయ్, అవి వాడివే' అన్నారు. తీసి చూస్తే అన్నింటి మీదా ఆయన పేరే. సౌండు నడిపే ఆయనై ఉంటాడు. ఎప్పుడో అరువు తెచ్చుకుని ఇవ్వడం మరిచిపోయినట్టున్నారు. ఒకరి సొమ్ము ఇంట్లో పెట్టుకుని ఆయన్ని ఎలా సాగనంపను?"

ఆమె ఒక రికార్డు తీసి అందించింది. ఆయన చేతులు లాగుకు రెండుసార్లు తుడుచుకుని పుచ్చుకున్నాడు. పసుపుపచ్చ లేబులు. 'రాయి కింది ఊట'. దాని కింద అచ్చయిన క్లీవ్‌లాండ్ మూడీ పేరు మీద నీలం సిరాతో అడ్డంగా గీత. గీత పైన చేత్తో రాసి ఉంది, ఎ. రీస్.

రెండోది తీశాడు. అదే పాట. నల్ల సిరా. మూడోది పెన్సిలు. నాలుగోది బాగా అరిగిపోయింది, గీత మాత్రం కొత్తది.

"ఎన్ని ఉన్నాయి?"

"ముప్పై ఎనిమిది. ఒకే రికార్డు ఇన్నెందుకో ఆ రీస్‌గారికే తెలియాలి. సౌండువాళ్ళు పక్క సౌండువాడికి తెలియకూడదని పాడినవాడి పేరు కొట్టేస్తారు కదా. కొట్టేసి, డాన్సుల దగ్గర పోకుండా తమ పేరు రాసుకుంటారు. ఈయనా అలాగే చేసినట్టున్నాడు."

ఆమె అన్నది సబబే. ఆ దేశంలో ఎవరు చూసినా అలాగే అనుకుంటారు. కాలీ పెట్టెల్లోని రికార్డులన్నింటి మీదా కాలీ పేరే ఉంటుంది, అతను జన్మలో పాడిన పాపాన పోలేదు.

"ఇది ఆయన రాత కాదమ్మా," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "మీ నాన్న రాత కదూ?"

ఇవాడ్నీ వంగి చూసింది. చేతిలోకి తీసుకుని మళ్ళీ చూసింది.

"అవును," అంది. "ఆ తోక ఉన్న అక్షరం నాన్నదే. ఆయన పేరు నాన్నెందుకు రాస్తారు?"

మేస్త్రి రికార్డులు ఒక్కొక్కటే తీసి వరండా నేల మీద పరుస్తున్నాడు. ముప్పై ఎనిమిదీ అయ్యాక పెట్టె అడుగున ఇంకొకటి ఉంది. పసుపుపచ్చ లేబులే, పాట వేరు. ఎవరూ కొనని పాట. అచ్చయిన పేరు ఆల్టమాంట్ రీస్. దాని మీద గీత. గీత పైన అదే చేతిరాత, సి. మూడీ.

ఆయన ఆ రికార్డు పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు. మంచి పాట తనదని చెప్పుకునేవాళ్ళు ఉంటారు. చెత్త పాట కూడా తనదేనని, చూసేవాళ్ళు లేనిచోట, సిరాతో ఒప్పుకునే దొంగ ఎక్కడా ఉండడు. మూడీ ఊరూరా దుకాణాల్లో వెతికి ముప్పై ఎనిమిది కొన్నాడు, తన పేరు కొట్టేశాడు. బజారులో కేకేసింది ఇది చెప్పడానికే. ఆయన బస్సెక్కాడు.

ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. సీమపనస పొగ వల్ల అనుకుని మిస్ అడీనా గిన్నె పక్కకు జరిపి లోపలికి వెళ్ళింది.

"అమ్మాయ్," అన్నాడు. "నీకు కోపం వస్తుంది. అయినా చెప్పాలి. రాయి కింది ఊట మీ నాన్న పాడింది కాదు."

లేబుళ్ళు మారిన సంగతి ఆయన ఇటుక మీద ఇటుక పెట్టినట్టు చెప్పాడు, ఎక్కువా తక్కువా లేకుండా. ఇవాడ్నీ కళ్ళు ఎర్రబడ్డాయి.

"అంటే నాన్న దొంగంటారా?"

"నిన్నటిదాకా అదే అన్నాను. దొంగ అయితే సొమ్ము దాస్తాడు. ఇలా యజమాని పేరు రాసి పెట్టడు."

"స్టేజీ మీద పాడారు కదా!"

"పాడాడు. ఎందుకు పాడాడో నేను అడగలేదు. అడిగి ఉండవలసింది."

ఆమె నేల మీద పరిచిన పసుపుపచ్చ చక్రాల మధ్య కూర్చుని, ఒకదాని మీది గీత వేలితో రుద్దింది.

"బళ్ళో అందరికీ చెప్పుకునేదాన్ని, మా నాన్న పాట అని," అంది చివరికి. "ఇంట్లో పాడమంటే మాత్రం ఎప్పుడూ పాడేవారు కాదు. గొంతు బాగాలేదమ్మా అనేవారు. నా పుట్టినరోజుకి కూడా." మళ్ళీ తనే, "ఇంతకీ ఇదంతా మీకెలా తెలుసు?" అంది.

"రీస్ తెలుసు నాకు."

"అయితే రేపు రమ్మనండి."

"చెబుతాను."

ఆమె చెయ్యి చాపింది. ఆయన టోపీలోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆమె పెన్ను తీసుకుని మూడో పంక్తి మీద అడ్డంగా గీత గీసింది. అచ్చం వాళ్ళ నాన్న గీసినట్టే ఉంది ఆ గీత.

"దాని బదులు ఏం రాయాలో నాకు తెలీదు. మీకు తోచింది రాయండి," అని కాగితం తిరిగి ఇచ్చి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. లోపల తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. పోయినవాడి కోసం ఆమె ఏడవడం అదే మొదటిసారి.

సాయంత్రం తలరాయి మీద తెల్లసిమెంటు పూత వేసి, వేలు పెడితే అంటనంత ఆరేదాకా ఆగి, మేస్త్రి మేకు తీసుకున్నాడు. మొదటి రెండు పంక్తులూ చకచకా రాశాడు. మూడోదానికి ముందు మేకు రెండుసార్లు కడిగాడు. రాశాక తడి గోనెపట్టా కప్పి, ఎవరూ ఎత్తకుండా అంచుల మీద రాళ్ళు పెట్టాడు.

*

శనివారం చర్చిలో ప్రార్థన అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఊరేగింపుగా శవపేటిక తెచ్చి గోతిలోకి దించారు. ఆ కొండల్లో జనం మట్టి వేసి వెళ్ళిపోరు. పైపలకలు పేర్చి, సందులన్నీ మాలుతో పూర్తిగా మూసేదాకా నిలబడి పాడతారు. మేస్త్రి చేతులు ఆగేదాకా పాట ఆగకూడదు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తాపీ అందుకున్నాడు. కీర్తనలు నాలుగు అయ్యాయి. అయిదోదిగా క్లీవ్ పాట వెయ్యాలని కార్యక్రమం కాగితంలో అచ్చు వేశారు.

సౌండు పెట్టెల దగ్గర కాలీ రికార్డు కవరు తీసి కళ్ళు చిట్లించాడు.

"అమ్మా, దీని మీద ఇంకెవరిదో పేరుంది. ఎవడిదో పట్టుకొచ్చినట్టున్నాం."

"అది పాడినవాడి పేరు," అంది ఇవాడ్నీ. "అదే చెప్పి వెయ్యి."

"క్లీవ్ కదా పాడింది?"

"రాసింది రాసినట్టు చదువు కాలీ."

కాలీ భుజాలెగరేసి మైకు తీసుకున్నాడు. "ఇప్పుడు," అని దగ్గాడు, "ఎ. రీస్ పాడిన రాయి కింది ఊట."

నల్లబట్టల జనంలో గుసగుస లేచింది. కాలీ పొద్దున్నే రమ్ము పుచ్చుకున్నాడని ఒకరన్నారు. ఇంకొకరు నవ్వు ఆపుకున్నారు. మోకాళ్ళ మీద ఉన్న మేస్త్రి తల ఎత్తలేదు. ముప్పై రెండేళ్ళు ఎదురుచూసిన మాట ఒక సమాధి దగ్గర, ఒక తాగుబోతు నోట, ఎవరూ నమ్మకుండా వచ్చింది. ఆయనకు అది చాలింది. చాలిందని తెలిసి తనకే ఆశ్చర్యమేసింది.

డ్రమ్ము నాలుగు దెబ్బలు కొట్టింది. ఆయన తాపీ పలక సందు వెంట నడుస్తోంది. రెండు పంక్తులు అయ్యాయి. మూడోదానికి ముందు ఆయన భుజాలు పైకి లేచాయి, ఛాతీ నిండా ఊపిరి పీల్చాడు. సౌండు పెట్టెలోంచి అదే ఊపిరి వినిపించింది. రెండూ ఒక్కసారే.

తలవైపు నిలబడిన ఇవాడ్నీ చూసింది. రెండో చరణంలో మళ్ళీ చూసింది. మళ్ళీ భుజాలు లేచాయి, మళ్ళీ ఊపిరి. మనిషి ఊపిరి తియ్యడం చూసి ఎంతో కొంత చెప్పగలిగిన నర్సు ఆమె.

పాట అయ్యేసరికి ఆఖరి సందు మూసుకుంది. మేస్త్రి రసమట్టం పలక మీద పెట్టి చూసి తీశాడు. కాలీ వచ్చి గోనెపట్టా లాగేశాడు. జనం ముందుకు జరిగారు. మిస్ అడీనా కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివింది.

"క్లీవ్‌లాండ్ మూడీ. పంతొమ్మిది వందల నలభై తొమ్మిది, రెండు వేల ఆరు. ఎ. రీస్ స్నేహితుడు."

ఆగి, మళ్ళీ చదివింది.

"ఎవడే ఈ రీస్? ఇన్నేళ్ళూ వెతికించుకున్నాడు. స్నేహితుడట, స్నేహితుడు! ఊళ్ళో కోతికీ కొక్కిరాయికీ తీరికయింది గానీ ఆ మహానుభావుడికి కాలేదు. పూడ్చేటప్పుడైనా రావద్దూ?"

"వచ్చాడు మామ్మా," అంది ఇవాడ్నీ.

"ఏడీ?"

ఇవాడ్నీ వంట దగ్గరికి వెళ్ళి, మేకమాంసం కూర, అన్నం, రెండు ఉడకబెట్టిన అరటికాయలు పళ్ళెంలో పెట్టించుకుని వచ్చింది. మేస్త్రి బాల్చీ దగ్గర కూర్చుని తాపీ కడుగుతున్నాడు. ఆమె పళ్ళెం పలక మీద పెట్టబోయి, తడి సిమెంటని గుర్తొచ్చి, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"చేతులు కడుక్కోండి రీస్‌గారూ," అంది. "అన్నం చల్లారిపోతోంది."

కాలీ, మిస్ అడీనా ఇద్దరూ ఒకేసారి ఇటు తిరిగారు.

ఆయన తాపీ బాల్చీలోనే వదిలేశాడు.

"వస్తున్నానమ్మా," అన్నాడు.